రెండు గడియారాలు ఒక్కటి కావాలంటే?

పిల్లలూ! చౌడేపల్లె బడిలో ఒక గడియారం, పుంగనూరు బడిలో ఒక గడియారం ఉన్నాయనుకోండి. రెండూ ఒకే వేళ చూపుతున్నాయా? ఫోను లేదు, రేడియో లేదు. ఉన్నవల్లా ఒక సైకిలు, ఒక చీటీ. ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో కూడా మీకు తెలియదు. ఎలా కనుక్కొంటారు?

ఉపాయం ఉంది. చౌడేపల్లె గడియారంలో 8 గంటలకు మీరు బయలుదేరారు. పుంగనూరు చేరేసరికి అక్కడి గడియారంలో 8-50. ఆ గడియారంలోనే 9 కొట్టగానే తిరుగుముఖం పట్టారు. చౌడేపల్లె చేరేసరికి ఇక్కడి గడియారంలో 9-30. నాలుగు వేళలనూ చీటీ మీద రాసుకొన్నారు.

పోవడానికి 50 నిమిషాలు, రావడానికి 30! దారి అదే, వేగమూ అదే. మరి తేడా ఎవరిది? గడియారాలదే. రెండూ కలిపితే 80. అందులో సగం, 40 నిమిషాలు, అసలు ప్రయాణకాలం. 50లోనుంచి 30 తీసివేస్తే 20. అందులో సగం 10. అంటే పుంగనూరు గడియారం 10 నిమిషాలు ముందున్నదన్నమాట.

కంప్యూటర్లు తమ గడియారాలను సరిచేసుకొనేది ఈ లెక్కతోనే. వాటికి సైకిలుకు బదులు తీగల్లో పరుగెత్తే సంకేతాలుంటాయి. ఈ పద్ధతికి ఐ.ఇ.ఇ.ఇ. 1588 అనే ప్రమాణం 2002లో వెలువడింది. 2008లో, 2019లో దానిని సవరించారు.

ఇందులో ఒక మెలకువ ఉంది. మీరు బడి చేరి, సైకిలుకు స్టాండు వేసి, నీళ్ళు తాగి, అయ్యవారి కోసం వేచి, అప్పుడు వేళ రాసుకొంటే లెక్క చెడదా? కంప్యూటరులోనూ అంతే. వచ్చిన సంకేతం లోపల తన వంతు కోసం ఆగుతుంది. ఆ ఆలస్యం ఒక్కోసారి ఒక్కోవిధంగా ఉంటుంది. అందుకని, తీగ వచ్చి కలిసే నెట్‌వర్క్ కార్డులోనే ఒక గడియారం ఉంచుతారు. గేటు దాటుతుండగానే వేళ నమోదవుతుంది. దానితో తేడాను మైక్రోసెకను, అనగా సెకనులో పదిలక్షలో వంతు, కంటె తక్కువకు తేవచ్చు.

ఇంత సూక్ష్మం ఎందుకంటారా? కొండల మీదుగా పోయే హైటెన్షన్ లైనుపై పిడుగు పడి లోపం ఏర్పడిందనుకోండి. ఆ చోటునుంచి విద్యుత్ తరంగం రెండు కొసల సబ్‌స్టేషన్లకూ దాదాపు కాంతి వేగంతో పోతుంది. ఏ కొసకు ఎంత ముందు చేరిందో తెలిస్తే లోపమున్న చోటు లెక్కకు అందుతుంది. గడియారాల మధ్య 1 మైక్రోసెకను తేడా ఉంటే ఆ చోటు సుమారు 150 మీటర్లు తప్పుతుంది. 1 మిల్లీసెకను ఉంటే 150 కిలోమీటర్లు! పాపం, లైన్‌మన్ ఏ కొండ ఎక్కి వెతకాలి?

చివరగా ఒక ప్రశ్న. రెండు గడియారాలూ సరిగానే ఉన్నాయి. పోయేటప్పుడు ఎదురుగాలి వల్ల నిజంగానే 50 నిమిషాలు, వచ్చేటప్పుడు 30 నిమిషాలు పట్టింది. ఇప్పుడు చీటీ మీద ఏ వేళలుంటాయి? రాసి చూడండి. ఈ ఉపాయం దేనిని నమ్ముకొని నిలిచిందో మీకే బోధపడుతుంది.