విలువిద్యలో గుఱిభయము

విలువిద్య నభ్యసించువారికి ఒక వింత కష్టము సంభవించుట కలదు. దానిని మనము గుఱిభయమందము. ఒలింపిక్ క్రీడలలో రికర్వు విల్లు పందెమునకు 70 మీటర్ల దూరమున, 122 సెంటీమీటర్ల అడ్డుకొలతగల గుఱిపలకను నిలుపుదురు. నడుమ పదిమార్కుల వలయము 12.2 సెంటీమీటర్లు మాత్రమే. గుఱిభయము పట్టినవాడు ఆ నడిమి పసుపు కనబడినంతనే తాను తలంపకయే త్రాడు విడిచివేయును. లేదా బాణపుమొన గుఱికి దిగువనే నిలిచిపోయి, ఎంత యత్నించినను మీదికి రాదు. ఇది బలహీనత కాదు. గుఱిని చూచుట, త్రాడు విడుచుట యను రెండు పనులు వేలకొలది మారులు జతగూడి యొకే యలవాటైనవి.

ఇందుకు కొందఱు చేయి మార్చుదురు. కుడిచేత త్రాడు లాగువాడు ఇక విల్లు కుడిచేత బట్టి ఎడమచేత లాగును. ఈ చేతికి పాత యలవాటు లేదు గనుక మొదటినుండి నేర్పవచ్చును. బాణమానుచోటు ఎదురువైపున నున్నట్టియు, తేలికగా వంగునట్టియు విల్లు కావలెను. కుడికన్ను ప్రధానమైనవాడు దానిని మూసికొనవలసి యుండును.

అయినను చేయి మారినంతనే భయము తొలగునని తలంపరాదు. తొందరపడినచో ఎడమచేయియు నదే నేర్చుకొనును. కావున మొదట పలక లేని గడ్డిమోపునకు చేరువగా నిలిచి, కన్నులు మూసికొని, లాగుట, నిలుపుట, విడుచుట వేఱువేఱుగ సాధింపవలెను. పిమ్మటనే పలకను బెట్టి, క్రమముగా దూరము పెంచవలెను.

అర్జునుని సవ్యసాచి యని మనము పొగడుదుము. కాని పేరుగాంచిన విలుకాడు మరల మొదటితరగతి బాలునివలె గుఱి తప్పుచు, తోడివారి నవ్వు సహించుట సులభము కాదు. విద్యార్థులారా! లెక్కలోగాని చేవ్రాతలోగాని తప్పు ముదిరినప్పుడు మనమును సిగ్గుపడక మొదటినుండి నేర్చుకొందము.