పాత బీబీసీ మైక్రోకు ఏ ఎడిటర్ ఎంచుకోవాలి?



వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు, జ్ఞాపకాలు ఎలాగూ ఉంటాయి. ఈ వసతి గృహంలో చదివి వెళ్లిన మేము ఈసారి ఒక పాఠం రాసి ఇస్తున్నాం. పాత కంప్యూటర్ మీద రాసుకోవడానికి ఎలాంటి ఎడిటర్ కావాలి, దాన్ని మనకు తగ్గట్టు ఎలా మార్చుకోవాలి అనేది పాఠం. మనలో చాలామందిమి ఇంట్లో మొట్టమొదట పలక పట్టినవాళ్లం. మనం రాసిన ఒక్క పేజీ కూడా పోకూడదు. ఆ దృష్టితోనే ఈ పాఠం చదవండి.

ఆ యంత్రం ఏది?

1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద పాఠశాలల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టింది. తొలి విడతలో సుమారు 250 పాఠశాలలు ఉన్నాయి. అందుకు ఎంచుకున్న యంత్రం బీబీసీ మైక్రో. దీన్ని ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన ఏకార్న్ కంపెనీ 1981 డిసెంబరులో విడుదల చేసింది. మన దేశంలో సెమీకండక్టర్ కాంప్లెక్స్ అనే ప్రభుత్వ సంస్థ దీన్నే 'యూనికార్న్' పేరుతో తయారుచేసింది. అందువల్ల మన దేశంలో పాత బడుల బీరువాల్లో కనబడే తొలితరం కంప్యూటర్లలో ఇదొకటి. యంత్రం దొరకని వారు 'బీబ్‌ఎమ్' వంటి ఎమ్యులేటర్‌ను ఈనాటి కంప్యూటర్‌లో వేసుకుని ఈ పాఠమంతా చేసి చూడవచ్చు.

ఎడిటర్ అంటే అక్షరాలు కొట్టడానికి, దిద్దడానికి, దాచడానికి పనికివచ్చే ప్రోగ్రాము. బీబీసీ మైక్రోలో ఇది సాధారణంగా రోమ్ చిప్ రూపంలో వస్తుంది. యంత్రం లోపలి గూటిలో చిప్ గుచ్చితే చాలు, స్విచ్ వేయగానే సిద్ధంగా ఉంటుంది. ప్రోగ్రాము చిప్‌లోనే ఉంటుంది కాబట్టి మన రాతకు వాడుకోవలసిన ర్యామ్‌ను పెద్దగా తినదు.

ముందు లెక్క, తరువాత ఎంపిక

బీబీసీ మైక్రో మోడల్ 'బి'లో ర్యామ్ 32 కేబీ, అంటే 32,768 బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక్కటి ఒక బైటు. ఇందులో మొదటి 3,584 బైట్లు యంత్రం తన పనికి ఉంచుకుంటుంది. తెర మీది బొమ్మకు కూడా ఇదే ర్యామ్ నుంచి వాటా పోతుంది. ఎంత పోతుందనేది మనం ఎంచుకున్న 'మోడ్'ను బట్టి ఉంటుంది. క్యాసెట్టు వాడే యంత్రంలో లెక్క ఇలా వస్తుంది:

మోడ్ 7 – వరుసకు 40 అక్షరాలు – తెరకు 1 కేబీ – మిగిలేది 28,160 బైట్లు
మోడ్ 6 – వరుసకు 40 అక్షరాలు – తెరకు 8 కేబీ – మిగిలేది 20,992 బైట్లు
మోడ్ 3 – వరుసకు 80 అక్షరాలు – తెరకు 16 కేబీ – మిగిలేది 12,800 బైట్లు
మోడ్ 0 – వరుసకు 80 అక్షరాలు – తెరకు 20 కేబీ – మిగిలేది 8,704 బైట్లు

ఫ్లాపీ డిస్కు అమర్చిన యంత్రంలో వీటిలో ప్రతిదాని నుంచి ఇంకో 2,816 బైట్లు తగ్గుతాయి. ఎడిటర్ తన సొంత అవసరానికి మరికొంత తీసుకుంటుంది.

పేజీకి 2,000 అక్షరాల చొప్పున పది పేజీల వ్యాసం రాస్తున్నారనుకోండి. మొత్తం 20,000 బైట్లు. మోడ్ 7లో అది హాయిగా పడుతుంది. మోడ్ 3లో ఆరు పేజీలు దాటగానే చోటు అయిపోతుంది. వెడల్పయిన వరుస చూడటానికి బాగుంటుంది గానీ, దాని ఖరీదు నాలుగు పేజీలు. పైగా మానిటర్ లేక మామూలు టీవీకి కలిపితే 80 అక్షరాల వరుస మసకగా కనబడుతుంది. మోడ్ 7 అక్షరాలు టీవీలో కూడా స్పష్టంగా ఉంటాయి.

మూడు ఎడిటర్లు

1. వర్డ్‌వైజ్: కంప్యూటర్ కాన్సెప్ట్స్ కంపెనీది. మోడ్ 7లో రాయిస్తుంది. ఎస్కేప్ మీట నొక్కితే మెనూ, మళ్లీ నొక్కితే రాత. కొత్తవారు ఒక్క పూటలో నేర్చుకోగలరు. వరుస పొడవు, మార్జిన్ వంటి ఆదేశాలను రాత మధ్యలోనే చేర్చాలి. అచ్చులో ఎలా వస్తుందో రాసేటప్పుడు కనబడదు, విడిగా ప్రివ్యూ చూడాలి. దీని తరువాత వచ్చిన 'వర్డ్‌వైజ్ ప్లస్'లో అసలు రాతకు తోడు పది 'సెగ్మెంట్లు' ఉంటాయి. వాటిలో మనమే చిన్న ప్రోగ్రాములు రాసుకోవచ్చు.

2. వ్యూ: ఏకార్న్‌సాఫ్ట్‌ది. ఏ మోడ్‌లోనైనా పనిచేస్తుంది. అచ్చులో వచ్చే వరుసలు తెర మీదే కనబడతాయి. పట్టికలు, ఒకే నమూనాలో అనేక ఉత్తరాలు రాయడానికి మంచిది. పదే పదే వచ్చే భాగాన్ని మాక్రోగా పెట్టుకోవచ్చు. నేర్చుకోవడానికి వర్డ్‌వైజ్ కన్నా ఎక్కువ రోజులు పడుతుంది.

3. ఎడిట్: 1986లో వచ్చిన బీబీసీ మాస్టర్ 128లో వ్యూతో పాటు ఇది కూడా యంత్రంలోనే ఉంటుంది. ప్రోగ్రాములు రాసేవారికి అనుకూలం. ఆ యంత్రంలో ర్యామ్ 128 కేబీ.

మనకు తగ్గట్టు మార్చుకోవడం

కీబోర్డు పైవరుసలో ఎఫ్0 నుంచి ఎఫ్9 వరకు పది ఎర్ర మీటలు ఉంటాయి. 'స్టార్ కీ' అనే ఆదేశంతో ఒక్కో మీటకు మనకు కావలసిన మాటలు అప్పగించవచ్చు. ఎడిటర్ ఈ మీటలను తన పనులకు కూడా వాడుకుంటుంది కాబట్టి, మన మాటల కోసం మరో మీటతో కలిపి నొక్కవలసి రావచ్చు. ఏ మీటో ఆ ఎడిటర్ పుస్తకంలో ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడండి. మన వసతి గృహం పేరు ఇంగ్లీషులో 40 అక్షరాలు అనుకుందాం. వార్షిక నివేదికలో ఆ పేరు 30 సార్లు వస్తే 1,200 సార్లు మీటలు నొక్కాలి. ఒక ఎర్ర మీటకు అప్పగిస్తే ఆ పని ముప్పయి నొక్కులతో అయిపోతుంది. పది మందికి ఒకే కంప్యూటర్ ఉండి, ఒక్కొక్కరికి వచ్చేది అరగంటే అయినప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

అయితే ఈ మీటల మాటలకు ఉన్న చోటు అంతా కలిపి 256 బైట్లకు మించదు. కరెంటు పోతే అవీ పోతాయి. అందుకని ఆ ఆదేశాలను ఒక చిన్న ఫైలుగా రాసి దాచుకోవాలి. 'స్టార్ ఎగ్జెక్' అని ఆ ఫైలు పేరు ఇస్తే, మనం కొట్టినట్టే యంత్రం వాటిని చదువుకుంటుంది. డిస్కులో ఆ ఫైలుకు 'బూట్' పేరు పెట్టి తగిన ఆప్షన్ ఇస్తే, షిఫ్టు, బ్రేక్ మీటలు కలిపి నొక్కగానే అన్నీ సిద్ధమవుతాయి. మార్చుకోవడం ఒక ఎత్తు, ఆ మార్పును దాచుకోవడం ఇంకొక ఎత్తు.

మరి తెలుగు సంగతి?

'వీడీయూ 23' ఆదేశంతో కొత్త అక్షరాల ఆకారాలు మనమే గీయవచ్చు. ఒక్కో అక్షరానికి అడ్డంగా 8, నిలువుగా 8 చుక్కల గడి ఉంటుంది. మామూలుగా ఇలా మార్చుకోగలిగేవి 32 ఆకారాలు. మన వర్ణమాలకే అవి చాలవు. గుణింతాలు, వత్తులు కలిస్తే అసలే చాలవు. 'క్షే' అన్న ఒక్క అక్షరాన్ని ఎనిమిది చుక్కల ఎత్తులో ఇరికించి చూడండి, సంగతి అర్థమవుతుంది. పైగా చోటు ఎక్కువ మిగిల్చే మోడ్ 7లో ఈ సౌకర్యమే లేదు.

తెలుగు నిజంగా కంప్యూటర్‌లోకి రావడానికి వేరే దారి కావలసి వచ్చింది. అక్షరం ఆకారం కాకుండా అక్షరానికి ఒక సంఖ్యను దాచాలి, ఆకారం తెర మీద కలపాలి. 1991లో భారతీయ ప్రమాణంగా వచ్చిన ఇస్కీ, అదే సంవత్సరం వచ్చిన యూనికోడ్ ఈ పద్ధతిలోనివే. 'సంక్షేమ' అనే మాటలో స, సున్న, క, పొల్లు, ష, ఏత్వం, మ కలిపి ఏడు సంఖ్యలు. ఇస్కీలో 7 బైట్లు. ఈనాడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8లో 21 బైట్లు. కాబట్టి బీబీసీ మైక్రో మీద ఇంగ్లీషు వ్యాసాలు, ప్రోగ్రాములు నేర్చుకోండి. తెలుగు రాతకు ఈనాటి కంప్యూటర్ వాడండి.

సముద్రపు గాలి, తుఫాను రోజులు

తుమ్మలపెంట నుంచి మైపాడు, కృష్ణపట్నం దాకా మన తీరంలో ఉప్పుగాలి ఇనుమును ఊరకనే వదలదు. రోమ్ చిప్‌ల కాళ్లు, కీబోర్డు కనెక్టర్లు తుప్పు పట్టి అక్షరాలు పడకపోవడం, ఎడిటర్ కనబడకపోవడం జరుగుతుంది. వాడనప్పుడు గుడ్డ కప్పి పొడిచోట పెట్టాలి. ఏళ్ల తరబడి మూలన పడిన యంత్రాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టకండి. దాని పవర్ సప్లైలోని పాత ఫిల్టర్ కెపాసిటర్లు పగిలి పొగ రావడం ఈ యంత్రాల్లో మామూలే. పని తెలిసిన మెకానిక్ చేత ముందుగా మార్పించాలి. మీరు మాత్రం పవర్ సప్లై పెట్టె విప్పకూడదు.

నవంబరు, డిసెంబరు నెలల్లో తుఫానులు వస్తే కరెంటు పోవడం మనకు తెలిసిందే. కరెంటు పోయిన మరుక్షణం ర్యామ్‌లోని రాత మొత్తం పోతుంది. క్యాసెట్టు మీదికి వేగమైన పద్ధతిలో సెకనుకు 1,200 బిట్లు వెళతాయి. ఒక బైటుకు 10 బిట్లు కాబట్టి సెకనుకు 120 బైట్లు. ఒక పేజీ దాచడానికి 17 సెకన్లు, మధ్య ఖాళీలతో కలిపి ఇంకొంచెం. పేజీ పూర్తికాగానే దాచడం అలవాటు చేసుకోండి. ఒక క్యాసెట్టు చాలదు, రెండింటి మీద దాచండి.

మా నిర్ణయం

వ్యాసాలు, ఉత్తరాలు రాయడానికి, టీవీకి కలిపి వాడే యంత్రానికి వర్డ్‌వైజ్ ప్లస్. పట్టికలు, నివేదికలు ఎక్కువగా ఉండి మానిటర్ కూడా ఉంటే వ్యూ. మాస్టర్ మీద ప్రోగ్రాములు రాసేవారికి ఎడిట్. మూడింటికీ ఒకటే షరతు: రాసింది ఆదేశాలు లేని శుద్ధ అక్షరాలుగా బయటికి తీయగలగాలి. వర్డ్‌వైజ్ మెనూలోని 'స్పూల్' అందుకే ఉంది. అలా తీసిన ఫైలును యంత్రం వెనుక ఉన్న సీరియల్ పోర్టు ద్వారా కొత్త కంప్యూటర్‌కు పంపవచ్చు. యంత్రం రేపు ఆగిపోయినా మీ రాత మిగులుతుంది.

అభ్యాసం

1. 24,000 అక్షరాల వ్యాసాన్ని మోడ్ 3లో రాయాలంటే కనీసం ఎన్ని ఫైళ్లుగా విడగొట్టాలి? (జవాబు: 2)
2. దాన్ని క్యాసెట్టు మీద దాచడానికి, ఖాళీలు వదిలేస్తే, ఎన్ని సెకన్లు పడుతుంది? (జవాబు: 200)
3. గళ్ల కాగితం మీద 8×8 గడిలో 'అ', 'జ', 'ఱ' గీయండి. ఏది చదవడానికి వీలుగా వచ్చింది? ఎందుకు?
4. మీ ఊరి పేరు, మీ పేరు యూనికోడ్‌లో ఎన్ని సంఖ్యలవుతాయో లెక్కించి, యూటీఎఫ్-8లో ఎన్ని బైట్లో చెప్పండి.

మూడో ప్రశ్నకు గీసిన కాగితాలను పారేయకండి. గోడపత్రికలో అంటించండి, తరువాత వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు చూస్తారు.