ఆటగాడిని నిలబెట్టే ఉద్యోగం

2025 వేసవిలో ఇంగ్లండ్‌తో జరిగిన అయిదు టెస్టులూ ఆడిన భారత ఫాస్ట్ బౌలర్ మహ్మద్ సిరాజ్ ఒక్కడే. మొత్తం 185.3 ఓవర్లు వేశాడు. అంటే 1,113 బంతులు. ఫాస్ట్ బౌలర్ బంతి వదిలేటప్పుడు ముందుకాలి మీద పడే బలం శరీర బరువుకు అయిదు రెట్లు దాటుతుంది. అన్నిసార్లు ఆ దెబ్బ కాచుకున్న ఒళ్లు ఓవల్‌లో చివరి రోజు ఉదయం కూడా యార్కర్ వేయగలిగింది. ఆరు పరుగుల తేడాతో గెలిచాం. అదే సిరీస్‌లో జస్‌ప్రీత్ బుమ్రా మూడు టెస్టులే ఆడాడు. పని భారం తగ్గించడానికి ముందే అలా నిర్ణయించారు. ఒకరిని ఆడించడానికీ మరొకరిని ఆపడానికీ ఫిజియోథెరపిస్టులు, కండిషనింగ్ కోచ్‌లు, డాక్టర్లు కూర్చుని లెక్కలు వేయాలి. ఆ లెక్కలు వేసేవాళ్లు హైదరాబాద్ పాతబస్తీ మైదానాలకూ కావాలి. ఇంటర్ చదువుతున్నవాళ్లు, డిగ్రీ ముగించి దారి వెతుక్కుంటున్నవాళ్లు ఈ వృత్తి గురించి గట్టిగా ఆలోచించాలి.

పాతబస్తీకి ఆట కొత్త కాదు. బార్కస్‌లో ఫుట్‌బాల్, ధూల్‌పేట, పురానాపూల్ వైపు తాలీంఖానాలు, సిటీ కాలేజీ దగ్గర కులీ కుతుబ్ షా స్టేడియం, గల్లీ గల్లీలో రాత్రి క్రికెట్. భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఈ నగరపు బడుల్లో పంతులుగా పనిచేసిన మనిషే. దారుల్ ఉలూమ్ హైస్కూల్లోనూ పాఠాలు చెప్పారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది చలిలో బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో తలకు కుట్లు పడి ఉన్న జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా దించారు. జర్నైల్ గోల్ కొట్టాడు, బంగారు పతకం వచ్చింది. ఆ ధైర్యానికి ఎన్నిసార్లయినా చప్పట్లు కొట్టొచ్చు. కానీ ఈ రోజుల్లో తలకు దెబ్బ తగిలిన ఆటగాడిని దించాలా వద్దా అన్న నిర్ణయం కోచ్ ఒక్కడి చేతిలో ఉండదు, ఉండకూడదు. రహీం కాలంలో కోచే అన్నీ. ఇప్పుడు ఆ పనిని నలుగురైదుగురు నిపుణులు పంచుకుంటున్నారు. ఆ పంపకంలోంచే కొత్త ఉద్యోగాలు పుట్టాయి.

మన దగ్గర కాలు బెణికితే మొదట గుర్తొచ్చేది ఎముకలు సరిచేసే పహిల్వాన్, లేదంటే పుత్తూరు కట్టు. నాకు వాళ్ల మీద చిన్నచూపు లేదు. తరతరాలుగా చేతివేళ్లతో కీళ్లను తడిమి నేర్చుకున్న విద్య అది, పేదవాడికి అందుబాటులో ఉన్న వైద్యం కూడా. అయితే లిగమెంటు సాగిందా, తెగిందా, ఎముక చీలిందా అన్నది ప్రతిసారీ వేళ్లకు తెలియదు. అప్పుడే వాచిన చోట గట్టిగా మర్దన చేస్తే లోపల రక్తస్రావం పెరుగుతుంది. కట్టు బిగుతైతే రక్తం ఆడదు. అలాగని ఇంగ్లిష్ వైద్యంలో పాత మాటలన్నీ నిలిచాయనీ కాదు. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే నాలుగు సూత్రాలను 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కిన్, ఐసూ పూర్తి విశ్రాంతీ కోలుకోవడాన్ని ఆలస్యం చేయొచ్చని తర్వాత తనే ఒప్పుకున్నారు. ఇప్పటి పద్ధతిలో మొదటి ఒకటి రెండు రోజులు కాపాడి, ఆ తర్వాత నొప్పి ఓర్చుకోగలిగినంత మేర కొద్దికొద్దిగా బరువు మోపిస్తారు. ఎంత, ఎప్పుడు అన్నది చెప్పగలగడమే ఫిజియో విద్య.

ఆట గాయాలన్నీ పడిపోవడం వల్లో, ఢీకొట్టుకోవడం వల్లో రావు. చాలా వాటికి కారణం ఒళ్లు అలవాటు పడకముందే పని పెంచేయడం. పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యే పిల్లల్ని చూడండి. తెలంగాణ కానిస్టేబుల్ పోస్టులకు 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1,600 మీటర్లు, ఆడవాళ్లు 800 మీటర్లు పరుగెత్తాలి, పైగా లాంగ్ జంప్, షాట్‌పుట్ ఉంటాయి. ఏళ్ల తరబడి పుస్తకం ముందు కూర్చున్నవాళ్లు రాత పరీక్ష ఫలితం రాగానే తారు రోడ్డు మీద రోజూ పరుగు మొదలుపెడతారు. గుండె, ఊపిరి, కండ త్వరగానే దారికొస్తాయి. ఎముక, స్నాయువు అంత తొందరగా రావు. మూడో వారానికి మోకాలి కింద ముందు ఎముక నొప్పెడుతుంది. నొప్పి ఎముక పొడుగునా పరుచుకుని ఉంటే పరుగు తగ్గిస్తే సర్దుకుంటుంది. ఒకేచోట వేలు పెడితే గిలగిలలాడేంత నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నా సలుపుతున్నా పరుగు ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఎముకలో సన్నని చీలిక మొదలై ఉండొచ్చు. తొలి రెండు వారాలు అది ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. 2022 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన పి.వి. సింధుకు వచ్చింది ఇలాంటి స్ట్రెస్ ఫ్రాక్చరే. ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్ వదులుకోవాల్సి వచ్చింది.

గాయం రాకుండా ఆపడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదని చెబితే చాలామంది నమ్మరు. ఫిఫా తయారుచేసిన ‘లెవెన్ ప్లస్’ వార్మప్ ఇరవై నిమిషాలు పడుతుంది, దానికి బంతీ మైదానమూ చాలు. వారానికి రెండుసార్లయినా క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు సుమారు మూడోవంతు తగ్గాయి. మోకాళ్ల మీద నిలబడి, తోటివాడు మడమలు పట్టుకుంటే మెల్లగా ముందుకు వాలే ‘నార్డిక్’ వ్యాయామాన్ని అలవాటు చేసిన జట్లలో తొడ వెనక కండరాల గాయాలు దాదాపు సగానికి పడిపోయాయి. మన క్లబ్బుల్లో వీటిని రోజూ చేయించే మనిషి లేడు.

గాయమయ్యాక తిరిగి నిలబడటం ఇంకా ఓపికతో కూడిన పని. పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలి లిగమెంటు తెగింది. శస్త్రచికిత్సలు జరిగాయి. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ ఫైనల్లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించాడు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కు 2017లో భుజం కీలు తప్పింది. ఆపరేషన్ అయ్యింది, చాలాకాలం రింగుకు దూరమైంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత. ఈ కథల్లో మనం పట్టుదలనే చెప్పుకుంటాం. పట్టుదల ఉన్నా తొందరపడి మళ్లీ గాయపడినవాళ్లు ఎందరో. మోకాలి లిగమెంటు (ఏసీఎల్) ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల దాకా ఆగిన ఒక్కో నెలకూ మళ్లీ గాయపడే ప్రమాదం దాదాపు సగం చొప్పున తగ్గుతుందని నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో తేల్చారు. నెలలు గడిస్తే సరిపోదు. గాయపడిన కాలి తొడ కండరం రెండో కాలి బలంలో కనీసం తొంభై శాతానికి రావాలి, ఒంటికాలి గెంతులు సమంగా ఉండాలి. టోర్నమెంటు దగ్గర పడుతున్నప్పుడు, కోచ్, తండ్రి, ఆటగాడు ముగ్గురూ ‘దించేద్దాం’ అంటున్నప్పుడు కొలతలు చూపించి ‘ఇంకా కాదు’ అనగలగాలి. ఈ ఉద్యోగంలో కష్టమైన భాగం అదే. గౌరవం కూడా అక్కడే.

ఇక చదువుల సంగతి. బై.పి.సి. చదివినవాళ్లకు నా మొదటి సలహా బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ. పంజాగుట్ట నిమ్స్‌లో ఈ కోర్సు ఉంది, మిగతా కాలేజీలు కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద నడుస్తాయి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లుగా ఉన్న చదువు కొత్త జాతీయ పాఠ్యప్రణాళికతో అయిదేళ్లకు మారుతోంది. ప్రవేశాల పద్ధతిలోనూ మార్పులు వస్తున్నాయి కాబట్టి నిరుటి సీనియర్ మాట మీద ఆధారపడొద్దు, ఆ ఏటి నోటిఫికేషన్ స్వయంగా చదవండి. డిగ్రీ తర్వాత స్పోర్ట్స్ ఫిజియోథెరపీలో మాస్టర్స్ చేయాలి. అమృత్‌సర్ గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయం, ఢిల్లీ జామియా మిలియా ఇస్లామియా ఈ చదువుకు పేరున్నవి. ఎంబీబీఎస్ చదివేవాళ్లకు స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఎండీ ఉంది, సీట్లు మాత్రం చాలా తక్కువ. ఆర్థోపెడిక్స్ చేసి ఆర్థ్రోస్కోపీ వైపు వెళ్లే దారే ఎక్కువమంది పట్టేది.

ఆర్ట్స్, కామర్స్ వాళ్లకు దారి మూసుకుపోలేదు. డిగ్రీ ఉంటే టీజీ పీఈసెట్ రాసి వ్యాయామ విద్య కోర్సు బీపీఈడీలో చేరొచ్చు. కోచింగ్ మీద మనసుంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉంది. కండిషనింగ్ కోచ్ కావాలనుకుంటే అమెరికా సంస్థ ఎన్‌ఎస్‌సీఏ ఇచ్చే సీఎస్‌సీఎస్ సర్టిఫికెట్‌కు ఇక్కడి జట్లు విలువిస్తాయి, దానికి డిగ్రీ తప్పనిసరి. ఆహారం వైపు ఆసక్తి ఉన్న సైన్స్ విద్యార్థులకు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ నడుపుతోంది. మన ఊళ్లోనే ఉన్న ఈ కోర్సు గురించి మన పిల్లల్లో చాలామందికి తెలియకపోవడం బాధగా ఉంటుంది. వారాంతంలో ముగిసిపోయే జిమ్ ట్రైనర్ సర్టిఫికెట్లకు డబ్బు తగలేయకండి. ఇంకొకరి వెన్నుపూస మీద బరువు పెట్టించే పని అది.

అమ్మాయిలను ఈ రంగంలోకి నేను ప్రత్యేకంగా పిలుస్తున్నాను. ఫుట్‌బాల్ లాంటి ఆటల్లో ఆడపిల్లలకు ఏసీఎల్ తెగే ప్రమాదం మగపిల్లల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. కఠిన సాధన చేస్తూ సరిపడా తినకపోతే నెలసరి ఆగిపోతుంది, ఎముక బలహీనమవుతుంది. చీలికలు వచ్చేది ఆ తర్వాతే. ఈ విషయం పదహారేళ్ల పిల్ల మగ కోచ్‌తో చెప్పదు. తన భాషలో, తన ఇంటి పద్ధతి తెలిసిన ఆడ ఫిజియో అడిగితే చెబుతుంది.

పాతబస్తీలో పుట్టిపెరిగినవాళ్లకు ఉన్న అనుకూలత కూడా ఇదే. రంజాన్ నెలనే తీసుకోండి. పగలంతా ఉపవాసం, రాత్రి తరావీ నమాజు, ఆ పైన ఫ్లడ్‌లైట్ల కింద టోర్నమెంటు, తెల్లవారుజామున సహర్ భోజనం ముగిశాక ముక్కలు ముక్కలుగా నిద్ర. ఆటగాడిని ‘రోజా మానేయ్’ అనే ట్రైనర్ మాట ఎవరూ వినరు. బరువైన సాధనను ఇఫ్తార్ తర్వాత గంటా రెండు గంటలు ఆగి పెట్టడం, నీళ్లు ఒక్కసారే తాగించకుండా సహర్ దాకా పంచడం, మధ్యాహ్నం కునుకును షెడ్యూల్లో రాయడం, పండుగ అయిన మర్నాడే పాత స్థాయికి ఎగబాకకుండా రెండు వారాలు మెట్లు కట్టడం తెలిసినవాడి మాట వింటారు.

జీతాల గురించి దాచకుండా చెప్పాలి. కొత్తగా డిగ్రీ చేతికొచ్చిన ఫిజియోకు ఆసుపత్రుల్లో ఇచ్చేది తక్కువే, తొలి ఏళ్లు కష్టంగా గడుస్తాయి. జాతీయ జట్టు, ఐపీఎల్ ఫ్రాంచైజీ ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయితే అకాడమీలు, రాష్ట్ర సంఘాలు, హకీంపేట లాంటి క్రీడా పాఠశాలలు, కార్పొరేట్ ఆసుపత్రుల క్రీడా విభాగాలు ఉన్నాయి. సొంత క్లినిక్ పెట్టుకునే వీలూ ఉంది. ఉదయం ఆసుపత్రిలో, సాయంత్రం క్లబ్బులో పనిచేస్తూ పేరు తెచ్చుకునేవాళ్లే ముందుకు వెళ్తున్నారు.

సీటు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీ గల్లీ జట్టు దగ్గరికి ఒక నోట్‌బుక్కుతో వెళ్లండి. సాధన ముగిసిన అరగంటకు ఒక్కో ఆటగాడిని ‘ఇవాళ్టి కష్టం పదికి ఎంత?’ అని అడగండి. ఆ అంకెను ఆడిన నిమిషాలతో గుణించి రాసుకోండి. దానితో పాటు నిద్ర ఎన్ని గంటలు, నొప్పి ఎక్కడ అన్నదీ రాయండి. అంతర్జాతీయ జట్లలోనూ ఇదే లెక్క వాడతారు. వారపు మొత్తం ఒక్కసారిగా పైకి ఎగిరిన పిల్లాడి పేరు కింద గీత గీసి, కోచ్‌కు చూపించండి.