కాలు విరిగినోని నొప్పిని నమ్మాలె

కబడ్డీ ఆడంగ, చెట్టు మీదికెల్లి పడంగ మనోళ్లకు కాళ్లు విరుగుతయి. మా తండాల అయితే వెదురు బద్దలు పెట్టి గట్టిగ కడతరు. "గట్టిగ కడితేనే ఎముక అతుకుతది, ఓర్చుకో బిడ్డా" అంటరు. ఎముక కదలకుండా ఉంటే చాలు, కాలును బిగించనక్కర లేదు. బిగిస్తే ఏమైతదో రాస్తున్నాను. దీని పేరు కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్.

మోకాలి కింద కండరాలు నాలుగు గదులుగా ఉంటాయి. ఒక్కో గది చుట్టూ సాగని గట్టి పొర ఉంటుంది. సైకిల్ టైరు సాగదు, లోపల ట్యూబు ఉబ్బితే ఒత్తిడి పెరుగుతుంది కదా, ఇదీ అంతే. ఎముక విరిగి లోపల రక్తం, వాపు చేరితే సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. కండరానికి, నరానికి రక్తం అందదు. సుమారు 6 గంటలు దాటితే కండరం చచ్చిపోవడం మొదలైతది. బిగుతు కట్ల వల్ల చేతులు వంకర పోతాయని జర్మనీ డాక్టరు ఫోక్‌మాన్ 1881లోనే రాశాడు. ఆసుపత్రిలో వేసిన పిండికట్టు బిగిసినా ఇదే ప్రమాదం.

గుర్తులు:
1. దెబ్బకు మించిన నొప్పి. సూది మందు ఇచ్చినా తగ్గదు.
2. కాలి వేళ్లను మెల్లగా వంచినా, చాపినా ప్రాణం పోయినట్లు అరుస్తాడు.
3. పిక్క రాయిలెక్క గట్టిపడుతుంది.
4. తిమ్మిరి. బొటనవేలికి, పక్క వేలికి నడుమ స్పర్శ తెలియదు.

పాదం దగ్గర నాడి కొట్టుకుంటున్నదని ధైర్యపడొద్దు. నాడి ఆగేది చివరికి.

డాక్టరు సూదితో గదిలోని ఒత్తిడి కొలుస్తారు. మామూలుగా 10 లోపు ఉంటుంది. బీపీలో కింది అంకె 70, గదిలో 45 అనుకోండి. తేడా 25. తేడా 30 కంటే తగ్గితే వెంటనే ఆపరేషన్ చేయాలి. కాలికి రెండు పక్కల పొడుగ్గా కోసి నాలుగు గదులూ తెరుస్తారు. గాయాన్ని అప్పుడే కుట్టరు. వాపు తగ్గినాక కుడతారు, లేకుంటే తొడ చర్మం తెచ్చి అతికిస్తారు. ఆలస్యమైతే పాదం వేలాడిపోతది, కాలు తీసేయాల్సి కూడా రావచ్చు. చచ్చిన కండరం నుంచి వచ్చే విషం కిడ్నీలను కూడా చెడగొడుతుంది.

మనం చేయాల్సింది: కట్టును చర్మం కనబడేదాక విప్పాలి. కాలు కదలకుండా పట్టుకోవాలి. గుండె ఎత్తులోనే ఉంచాలి, పైకెత్తొద్దు. నూనె రాయొద్దు, పిసకొద్దు, కాపడం పెట్టొద్దు. అన్నం పెట్టొద్దు, ఆపరేషన్ పడొచ్చు. 108కి ఫోన్ చేయాలి. మనకు నార్కట్‌పల్లిలో కామినేని మెడికల్ కాలేజీ ఆసుపత్రి, నల్లగొండలో సర్కారు పెద్దాసుపత్రి ఉన్నాయి.

వార్డెన్ సార్లకు విన్నపం: కట్టుతో వచ్చిన పిల్లగాని వేళ్లను మొదటి రాత్రి గంటకోసారి చూడండి సార్. అమ్మ నాయిన దగ్గర లేరు, "నొప్పి" అని వాడు చెప్పుకునేది మీకే. తెల్లారేదాక ఆగితే 6 గంటలు దాటిపోతాయి.