పాత జీపులో చల్లని గాలి: తీగలు నేర్పిన పాఠం

నూజివీడు ప్రాంతంలో మామిడి పండ్లకు, మండుటెండలకు ఒకటే ఋతువు. వైశాఖం ప్రవేశించగానే ఆగిరిపల్లి, విస్సన్నపేట వైపు తోటలలో కోతలు ముమ్మరమవుతాయి. రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు నున్న మార్కెట్టుకు తరలిపోతూ ఉంటాయి. ఆ రోజులలో తోటకు, మార్కెట్టుకు నడుమ జీపులో తిరిగేవారి అవస్థ వేరుగా చెప్పనక్కరలేదు. అటువంటి పాత జీపు ఒకదానికి కంప్యూటరు నియంత్రణ గల కొత్త ఇంజనును అమర్చి, పైకప్పు, తలుపులు బిగించి, ఎయిర్ కండిషనర్ కూడా కూర్చే పనిలో మేము పాలు పంచుకొన్నాము. ఆ సందర్భంలో ఒక పొరపాటు చేసి, దాని నుండి నేర్చుకొన్న సంగతులను మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విడిభాగాలు తెచ్చి బండిని స్వయంగా కూర్చుకొనడం కొత్త విషయమేమీ కాదు. 1957లో ఇంగ్లండులో వెలువడిన లోటస్ సెవెన్ కారును విడిభాగాలుగా కొని ఇంటి వద్దనే కూర్చుకొనే వీలుండేది. మన దేశంలో కూడా స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో విల్లీస్ జీపుల భాగాలు దిగుమతి కాగా, బొంబాయిలో మహీంద్రా సంస్థ వారు వాటిని కూర్చేవారు. అయితే కర్మాగారంలో తయారైన కారులో ప్రతి తీగనూ ముందుగానే లెక్కకట్టి వేస్తారు. మనం కూర్చిన బండిలో ఆ లెక్క మనమే కట్టవలెను. కట్టకపోతే దాని ఫలితమూ మనమే అనుభవించవలెను.

ముందుగా యంత్రం పనిచేసే తీరును సంగ్రహంగా చూద్దాము. కంప్రెసర్ శీతలవాయువును అదిమి వేడెక్కిస్తుంది. రేడియేటరు ముందుండే కండెన్సర్‌లో అది తన వేడిని బయటి గాలికిచ్చి ద్రవమవుతుంది. ఆ ద్రవం సన్నని రంధ్రం గుండా ఎవాపరేటరులోకి వెళ్ళి, అక్కడ ఆవిరవుతూ జీపు లోపలి వేడిని గ్రహిస్తుంది. నేటి కార్లలో విస్తారంగా వాడుకలో ఉన్న ఆర్-134ఎ అనే వాయువు, సాధారణ వాతావరణ పీడనం వద్ద సుమారు మైనస్ 26 డిగ్రీల సెంటీగ్రేడులోనే మరుగుతుంది. కనుకనే అది అంత చురుకుగా వేడిని లాగుకొనగలదు.

మరి ఇందులో తీగల పాత్ర ఏమిటి? 1940 నాటి అమెరికా ప్యాకార్డ్ కార్లలో ఎయిర్ కండిషనర్ ఉండేది గాని, కంప్రెసరును విడదీసే క్లచ్ లేదు. చల్లదనం వద్దనుకొంటే ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, బెల్టును ఊడదీయవలసి వచ్చేది. తరువాతి కాలంలో వచ్చిన విద్యుదయస్కాంత క్లచ్ ఆ శ్రమను తొలగించినది. చుట్టలో సుమారు నాలుగు ఆంపియర్ల విద్యుత్తు పారగానే అది కంప్రెసరును బెల్టు చక్రానికి జతపరుస్తుంది. విద్యుత్తు ఆగగానే విడిపోతుంది.

ఇక మా పొరపాటు సంగతి. చల్లగాలిని ఊదే బ్లోయర్‌కు, కండెన్సర్ ఫ్యానుకు కలిపి, పాత హెడ్‌లైటు స్విచ్ దగ్గర నుండి ఒకే సన్నని తీగ లాగాము. మధ్యలో ఒకచోట తీగలను చేతితో మెలివేసి టేపు చుట్టాము. పదిహేను ఆంపియర్ల ఫ్యూజు పదేపదే పోతున్నందున, విసిగి ముప్పై ఆంపియర్లది పెట్టాము. ఫ్యూజు పోవడం ఆగినది. మరునాటి మధ్యాహ్నం తోటలో చెట్టు క్రింద ఎండుటాకులపై జీపు నిలిచి ఉండగా, డాష్‌బోర్డు వెనుక నుండి పొగ వచ్చినది. బ్యాటరీ తీగను వెంటనే ఊడదీయగలిగాము కనుక జీపు, తోట రెండూ దక్కినవి.

అట్లు ఎందుకు జరిగినదో లెక్కవేసి చూద్దాము. ఒక చదరపు మిల్లీమీటరు మందం గల రాగి తీగకు మీటరుకు సుమారు 0.0175 ఓములు నిరోధం. నాలుగు మీటర్లకు 0.07 ఓములు. రెండు మోటార్లు కలిసి 20 ఆంపియర్లు లాగితే, తీగలో 1.4 వోల్టులు నష్టమై, 28 వాట్ల వేడి పుడుతుంది. చేతితో మెలివేసిన ముడిలో పదవ వంతు ఓము నిరోధం ఉన్నదనుకొనండి. ఉష్ణం ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, 20ని 20తో గుణించి 0.1తో హెచ్చవేయగా 40 వాట్లు వచ్చును. టేపు చుట్టిన ఆ చిన్న ముడిలో ఒక సోల్డరింగ్ ఐరన్‌ను వెలిగించి ఉంచినట్లే! అదే నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి, ముడి లేకుండా చేస్తే, నష్టం 0.35 వోల్టు, వేడి 7 వాట్లు మాత్రమే, అదీ నాలుగు మీటర్ల పొడవునా పంచుకొని. ఫ్యూజు తీగకు కావలివాడు. కావలివాడు అరుస్తున్నాడని వానిని మార్చి, చెవిటివానిని పెట్టుకొన్నాము.

తరువాత పనిని మొదటి నుండి చేశాము. బ్యాటరీ నుండి దళసరి తీగ, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు, ఒక్కొక్క మోటారుకు ఒక్కొక్క రిలే. రిలేలో 85, 86 అను కొనల మధ్య సన్నని చుట్ట ఉంటుంది. దానికి ఆంపియరులో ఆరవ, ఏడవ వంతు చాలును. అది ఆకర్షించగానే 30, 87 కొనలు కలిసి పెద్ద ప్రవాహం సాగుతుంది. ఆజ్ఞ సన్నని తీగలో, భారం దళసరి తీగలో నడుస్తుంది.

కొత్త ఇంజను కావడం వల్ల మరొక నియమం ఏర్పడినది. కంప్రెసర్ మూడు నాలుగు అశ్వశక్తుల బరువును ఒక్కసారిగా మోపితే, నెమ్మదిగా తిరుగుతున్న ఇంజను ఆగిపోవచ్చును. కనుక మన స్విచ్ క్లచ్‌ను నేరుగా కలపరాదు. బ్లోయర్ తిరుగుతుంటేనే స్విచ్‌కు విద్యుత్తు అందవలెను, లేనిచో ఎవాపరేటరుపై మంచు పేరుకొంటుంది. ఆ తరువాత థర్మోస్టాట్, దాని పిమ్మట పీడనపు స్విచ్. పీడనం సుమారు రెండు బార్ల కంటె తగ్గినా, ముప్పై బార్లకు చేరువైనా ఇది తెగిపోతుంది. ఈ గొలుసును దాటిన సంకేతం ఇంజను కంప్యూటరును చేరి అనుమతి కోరుతుంది. కంప్యూటరు ముందు ఇంజను వేగాన్ని కొంచెం పెంచి, అప్పుడు క్లచ్ రిలేను కలుపుతుంది. ఇంజను మితిమీరి వేడెక్కితే నిరాకరిస్తుంది. మాతో పనిచేసిన మిస్త్రీ గారు దీనికి ‘ఇజాజత్ కా తార్’ అని ఉర్దూలో పేరు పెట్టారు. అంతకంటె సరియైన పేరు మాకు తోచలేదు. కొన్ని ఇంజన్లు ఈ సంకేతాన్ని పాజిటివ్‌గా, కొన్ని నెగటివ్‌గా ఆశిస్తాయి. ఏ ఇంజనుకు ఆ ఇంజను తీగల పటమే ప్రమాణం.

క్లచ్ చుట్టకు అడ్డంగా ఒక డయోడును, చార గల కొన పాజిటివ్ వైపు ఉండునట్లు, కలపడం మరువరాదు. ప్రవాహం ఆగిన క్షణంలో చుట్టలో పుట్టే ఎదురు వోల్టేజి సున్నితమైన కంప్యూటరుకు హాని చేయగలదు. తోటల దుమ్ము కండెన్సర్ రేకుల నడుమ పేరుకొంటే గాలి ఆడక పీడనం పెరుగుతుంది కనుక, దానిని తరచు శుభ్రపరచవలెను. వాయువు నింపే పనిని తగిన పరికరాలున్న వారికే అప్పగించి, గాలిలోకి వదలకుండా చూడవలెను. ఇక ఇంజను మార్పునకు 1988 నాటి మోటారు వాహనముల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషను అధికారి అనుమతి పొందడం తప్పనిసరి. బండికి సంబంధించిన ‘ఇజాజత్’ అక్కడి నుండే మొదలవుతుంది.

ఇప్పుడు ఆ జీపులో స్విచ్ నొక్కితే క్షణకాలం ఏమీ జరగదు. ఇంజను కొంచెం ఊపందుకొంటుంది, ఆపైన క్లచ్ టక్కుమని పడుతుంది, చల్లని గాలి వస్తుంది. ఓము నియమాన్ని, జౌల్ నియమాన్ని పరీక్షకై వల్లించిన మనకు, ఆ రెండూ ఒక మామిడి చెట్టు క్రింద ఎండుటాకులపై ఎదురైనవి. తరగతిలో వేసిన లెక్కను తీగ లాగే ముందు మరొకసారి వేసుకొనుట మేలని మా విన్నపం.