టోపీ తియ్యని విలియం పెన్: నమ్మకానికి మనం కట్టే ధర ఎంత?



ఈ వారం వీడియోలో విలియం పెన్ గురించి చెప్పాను కదా, టైమ్ సరిపోక వదిలేసిన విషయాలు ఇక్కడ రాస్తున్నాను. "మన చానెల్‌లో ఈయనెందుకు?" అని మీకు అనిపించొచ్చు. అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర మన వేంకటేశ్వర స్వామి గుడి ఉంది. 1970ల్లో టీటీడీ సహకారంతో కట్టారు. ఆ ఊరి పేరు పెన్ హిల్స్, రాష్ట్రం పేరు పెన్సిల్వేనియా. అసలు ఎవరీ 'పెన్' అని వెతకడం మొదలుపెడితే, ఆ కథ నన్ను చాలా రోజులు వదల్లేదు.

దానికో కారణం ఉంది. నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూ రోజున లిఫ్ట్ అద్దంలో చూసుకుని బొట్టు తుడిచేశాను. తుడవమని ఎవరూ చెప్పలేదు. నేనే భయపడ్డాను. ఇది గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

అడ్మిరల్ గారి అబ్బాయి

పెన్ 1644లో లండన్‌లో పుట్టాడు. తండ్రి నౌకాదళంలో అడ్మిరల్, రాజుగారికి దగ్గరివాడు. కొడుకుని ఆక్స్‌ఫర్డ్‌లో చేర్పిస్తే, అక్కడి అధికారిక చర్చి పద్ధతులకి తల వంచనందుకు బయటికి పంపేశారు. తర్వాత 1667లో ఐర్లండ్‌లో ఉన్నప్పుడు పెన్ క్వేకర్లలో కలిసిపోయాడు.

ఎవరీ క్వేకర్లు? జార్జ్ ఫాక్స్ అనే బోధకుడి చుట్టూ చేరిన క్రైస్తవులు. తమని తాము 'ఫ్రెండ్స్' అని పిలుచుకునేవారు. (నేను ప్రతి వీడియోలో అనే మాటే!) వాళ్ల ప్రార్థనలో పూజారి ఉండడు. అందరూ మౌనంగా కూర్చుంటారు. లోపలి నుంచి ప్రేరణ కలిగినవాళ్లు లేచి మాట్లాడతారు. ప్రతి మనిషిలోనూ దేవుడి వెలుగు ఉందని వాళ్ల నమ్మకం. మనకి వెంటనే 'అంతర్యామి' అనే మాట గుర్తొస్తుంది. రెండూ ఒకటే అని నేను అనను, వాళ్ల దారి వాళ్లది. కానీ ఆ నమ్మకాన్ని వాళ్లు వీధిలోకి ఎలా తెచ్చారో చూడండి. అందరిలో వెలుగు ఒకటే అయితే ఒకరికి 'మీరు', ఇంకొకరికి 'నువ్వు' ఎందుకు? అందుకని గొప్పవాళ్లనైనా 'నువ్వు' అనే పిలిచేవారు. ఎవరి ముందూ టోపీ తీసేవారు కాదు. ఆ రోజుల్లో అది పెద్ద అవమానం కింద లెక్క.

జైల్లో పుట్టిన పుస్తకం

1668లో చర్చి సిద్ధాంతాలను ప్రశ్నిస్తూ ఒక చిన్న పుస్తకం రాసినందుకు పెన్‌ని లండన్ టవర్‌లో పెట్టారు. అప్పటికి ఆయనకి 24 ఏళ్లు. మాట వెనక్కి తీసుకుంటేనే విడుదల అన్నారు. ఈ జైలే నా సమాధి అయినా సరే, మాట మార్చను అని జవాబు పంపాడు. అక్కడే కూర్చుని 'నో క్రాస్, నో క్రౌన్' రాశాడు. శిలువ మోయకుండా కిరీటం రాదని ఆ పేరుకి అర్థం. గర్వం, దురాశ, విలాసం మనిషిని లోపలి నుంచి ఎలా తినేస్తాయన్నది అందులో విషయం. రాసినవాడు ఆ విలాసాల మధ్యే పెరిగినవాడు, గుర్తుంచుకోండి.

1670లో వీధిలో ప్రసంగించినందుకు విలియం మీడ్ అనే సహచరుడితో పాటు మళ్లీ అరెస్ట్ అయ్యాడు. కోర్టులోకి వచ్చేటప్పుడు ఇద్దరి తలమీదా టోపీలు లేవు. న్యాయమూర్తులు వాటిని తలలమీద పెట్టించి, "ఎందుకు తియ్యలేదు?" అని జరిమానా వేశారు! జ్యూరీ మాత్రం ఒత్తిడికి లొంగలేదు. ఆ 12 మందిని తిండీ నీళ్లూ లేకుండా రాత్రంతా తాళం వేసి ఉంచినా చివరికి "నిర్దోషులు" అనే చెప్పారు. వాళ్లకీ జరిమానా పడింది. కట్టనన్న ఎడ్వర్డ్ బుషెల్ కేసు వల్లే, తీర్పు నచ్చలేదని జ్యూరీని శిక్షించకూడదనే సూత్రం ఇంగ్లండ్‌లో నిలబడింది.

అప్పుకి బదులు ఒక దేశం

రాజు ఆయన తండ్రికి 16,000 పౌండ్లు బాకీ. దానికి బదులుగా 1681లో రెండో చార్లెస్ అమెరికాలో భూమి రాసిచ్చాడు. పెన్ 'సిల్వేనియా' అంటే చాలన్నాడు. రాజు అడ్మిరల్ గారి గౌరవార్థం ముందు 'పెన్' చేర్చాడు. జనం గర్వం అనుకుంటారని భయపడి, ఆ పేరు తీయించడానికి అధికారికి 20 గినీలు ఇవ్వబోయినా పని జరగలేదట.

రాజు ఇచ్చిన పత్రం చేతిలో ఉన్నా, అక్కడ తరతరాలుగా ఉంటున్న లెనాపే ప్రజలకి ముందే స్నేహంగా ఉత్తరం రాశాడు, డబ్బిచ్చి భూమి కొన్నాడు, వాళ్ల భాష కొంత నేర్చుకున్నాడు. తన నగరానికి ఫిలడెల్ఫియా, అంటే సోదర ప్రేమ, అని పేరు పెట్టాడు. 1701 నాటి హక్కుల పత్రంలో, ఒకే దేవుణ్ణి నమ్మేవాళ్లెవరినీ మతం పేరుతో వేధించకూడదని రాశాడు. పదవులు మాత్రం క్రైస్తవులకే. నేటి కొలతకి అది ఇరుకే, ఆ కాలానికి మాత్రం పెద్ద అడుగు.

1693లో యూరప్ శాంతి కోసం రాసిన వ్యాసంలో, దేశాలన్నీ ఒక సభలో కూర్చుని తగాదాలు తీర్చుకోవాలన్నాడు. ముందు ఎవరు లోపలికి వెళ్లాలన్న పేచీ రాకుండా ఆ గది గుండ్రంగా, చాలా తలుపులతో ఉండాలన్నాడు. మనుషుల అహంకారం ఆయనకి ఎంత బాగా తెలుసో చూడండి!

దాచకూడని సంగతి

ఇక్కడితో ఆపేస్తే మీకు అబద్ధం చెప్పినట్టే. అందరిలో వెలుగు ఉందన్న ఇదే పెన్, తన పెన్స్‌బరీ ఎస్టేట్‌లో బానిసలని ఉంచుకున్నాడు. ఆయన కాలనీలోనే, 1688లో జర్మన్‌టౌన్‌లో నలుగురు మనుషులు బానిసత్వం తప్పని రాసి ఇచ్చారు. ఫిలడెల్ఫియా క్వేకర్లు తమ సభ్యులెవరూ బానిసలని ఉంచుకోకూడదని తీర్మానించేసరికి 1776 వచ్చింది. 1737లో పెన్ కొడుకులే లెనాపేల భూమిని మోసంతో లాక్కున్నారు.

ఇది చదివాక నాకు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. రాజు ముందు కూడా టోపీ తియ్యని మనిషికి తన ఇంట్లో పనిచేసేవాళ్లలో ఆ వెలుగు కనిపించకపోతే, నాకు కనిపించనిది ఎంత ఉంటుందో! మన ఇంట్లో పనమ్మాయికి వేరే గ్లాసు పెట్టి, పూజలో 'అంతర్యామి' అనుకోవడం కూడా ఇదే కదా?

పెన్ చివరి రోజులు కష్టంగా గడిచాయి. అప్పుల కేసులో జైలుకెళ్లాడు, 1712లో పక్షవాతం వచ్చింది, 1718లో కన్నుమూశాడు.

ఈ వారం మన అభ్యాసం

రోజూ పది నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టి మౌనంగా కూర్చోండి. రెండే ప్రశ్నలు వేసుకోండి. ఎవరూ అడగకుండానే భయపడి నేను ఏది తుడిచేస్తున్నాను? నా నమ్మకాన్ని నా ఇంట్లోనే ఎవరి దగ్గర మర్చిపోతున్నాను?

మొదటిదానికి నా జవాబు ఆ లిఫ్ట్ అద్దంలో ఉంది. ఇప్పుడు ఆఫీసుకి బొట్టుతోనే వెళ్తున్నాను. రెండోదానికి జవాబు మా వంటింట్లో దొరికింది. నిన్నటి నుంచి మా ఇంట్లో గ్లాసులన్నీ ఒకటే స్టాండ్‌లో ఉన్నాయి.

వచ్చే వారం కలుద్దాం. శుభం!