దశావతారాలు ఎవల్యూషన్ చార్టా? నా వీడియోలో నేను చేసిన పొరపాటు

దశావతారాల వీడియోలో నేనొక మాట అన్నాను, గుర్తుందా? "డార్విన్ 1859లో చెప్పింది మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు. చేప, తాబేలు, వరాహం, నరసింహం, వామనుడు... ఇదే కదా ఎవల్యూషన్!" అని. భలే ధీమాగా అన్నాను. సంక్రాంతికి మా ఊరు వాకాడు వెళ్ళినప్పుడు ఆ ధీమా కాస్తా పోయింది.

మా అక్క కొడుకు పదో తరగతి, సీబీఎస్ఈ. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేసింది. కాబట్టి వాడికి ఈ విషయంలో టీచర్ నా వీడియోనే! తూపిలిపాళెం బీచ్‌లో నడుస్తూ అడిగాడు: "మామా, చేప నీళ్ళలోది, తాబేలు నేల మీదికి వచ్చే తర్వాతి మెట్టు అన్నావు కదా. మరి సముద్రపు తాబేళ్ళు నీళ్ళలోనే ఉంటాయి, గుడ్లు పెట్టడానికి మాత్రం ఒడ్డుకొస్తాయి. ఎందుకు?"

వాడన్నది మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గురించి. తాబేలు కప్పలాగా ఉభయచరం కాదు, సరీసృపం. ఊపిరితిత్తులతోనే గాలి పీలుస్తుంది. సముద్రపు తాబేళ్ళ పూర్వీకులు నేల మీద బతికి, తర్వాత మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళాయి. గుడ్లకి మాత్రం ఇప్పటికీ ఇసుక కావాలి. నేను చెప్పిన "నీళ్ళ నుంచి నేలకి" వరుస అక్కడే తేలిపోయింది.

వాడు అంతటితో ఆగలేదు. "రాముడి తర్వాత కృష్ణుడు వచ్చాడు. అంటే కృష్ణుడు అప్‌గ్రేడెడ్ వెర్షనా?"

నాకు నోట మాట రాలేదు. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకునే ఇల్లు మాది. నా లెక్క ప్రకారం స్వామి ఇంకా పూర్తిగా మనిషి కాని దశ. ఆయన ముందు నిలబడి ఆ మాట అనగలనా? హిరణ్యకశిపుడి వరంలో ఉన్న ఒక్క షరతూ తప్పకుండా, ప్రహ్లాదుడి మాట నిలబెట్టడానికి స్తంభంలోంచి వచ్చిన పూర్ణుడు ఆయన.

ఇంటికొచ్చి భాగవతం తీశాను. ప్రథమ స్కంధం, మూడో అధ్యాయం. అక్కడ అవతారాలు పది కాదు, ఇరవైకి పైనే. పైగా వరాహం రెండోది, మత్స్యం పదోది, కూర్మం పదకొండోది! ముందే చదివి ఉంటే ఆ వీడియో అలా చేసేవాణ్ణి కాదు.

మరి ఈ పోలిక ఎక్కడిది? డార్విన్ పుస్తకం వచ్చిన 18 ఏళ్ళకి, 1877లో, దివ్యజ్ఞాన సమాజం బ్లావట్‌స్కీ తన 'ఐసిస్ అన్‌వీల్డ్'లో రాసింది. 1882లో కేశవ్ చంద్ర సేన్ ఉపన్యాసంలో చెప్పాడు. ఇద్దరూ డార్విన్ తర్వాతివాళ్ళే. 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడిన జె.బి.ఎస్. హాల్డేన్ కూడా దశావతారాల్లో వెన్నెముక జీవుల పరిణామం ఉజ్జాయింపుగా కనిపిస్తుందన్నాడు. ఆయన మామూలు మనిషి కాదు, పరిణామ సిద్ధాంతాన్ని గణితంతో గట్టిపరిచినవాడు. చనిపోయాక దేహాన్ని మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చాడు. కానీ ఉజ్జాయింపు వేరు, సిద్ధాంతం వేరు. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలర్, డార్విన్ కంటే దశావతారాలే మెరుగైన సిద్ధాంతం అన్నప్పుడు శాస్త్రవేత్తలు గట్టిగా అభ్యంతరం చెప్పింది అందుకే. అప్పుడు నాకు వాళ్ళ మీదే కోపం వచ్చింది.

పరిణామంలో మెట్లు లేవు, కొమ్మలున్నాయి. మా భాషలో చెప్పాలంటే ఒకే కోడ్ నుంచి విడిపోయిన బ్రాంచిలు. పిల్లల్లో చిన్న చిన్న తేడాలుంటాయి, ఉన్నచోట పనికొచ్చే తేడా తరాల మీద నిలుస్తుంది. ముందుగా అనుకున్న గమ్యం ఏమీ లేదు. అవతారం అలా కాదు కదా! ఒక భక్తుడి కోసం, ఒక పని కోసం, కావాలని దిగిరావడం. ఆ మాటకి అర్థమే దిగిరావడం.

మా తాతయ్య పుస్తకాల్లో నండూరి రామమోహనరావు గారి 'నరావతారం' దొరికింది. పేరు చూసి పురాణం అనుకునేరు. మనిషి పరిణామ కథని తేట తెలుగులో చెప్పిన పుస్తకం. మావాడు సగం చదివి, మిగతా సగం కోసం నెల్లూరు పట్టుకెళ్ళాడు.

వీడియోలో ఆ నాలుగు నిమిషాలు తీసేస్తున్నాను. వచ్చే శనివారం కూర్మావతారం ఒక్కటే చెప్తాను: మందరగిరి మునిగిపోతుంటే స్వామి దాని కిందికి ఎందుకు వెళ్ళాడో.